తమాం

బిదియా ఊరి చివర, తారు రోడ్డు ఇసుకలకు దిగి
మళ్ల పైకి రాని కాడ మా గుడారం.
రేపు పొద్దున ఆరింటికి రేసు.
ఇయ్యాల మాత్రం గాలి ఒక్కటే ఉరుకుతున్నది.

మోటారుసైకిల్‌ను స్టాండు మీదికెత్తి
వెనుక చక్రం తిప్పిన.
పానాతోటి ఒక్కో పుల్లను కొట్టుకుంట విన్న:
టింగు, టింగు, టింగు, టప్పు.
ఆ టప్పుమన్నదే దొంగది.
మెట్‌పల్లిల కిరాయి సైకిళ్ల దుకాణంల
పుల్లలు బిగిచ్చుకుంట పెరిగిన చెవి ఇది.
పాస్‌పోర్టుల రాయలే గని
నాతోటి విమానమెక్కినదాంట్ల ఇదే ఖరీదైన సామాను.

గాలి ఫిల్టరుకు నూనె పట్టిచ్చి
పూరీపిండి తీరుగ పిసుకుతుంటే
ఖాజాపీర నవ్విండు. కడపాయన.
వంట ఆయనదే, జాకీలు మోసుడూ ఆయనే.
"యా ఊరి పిండైనా చేతికి జిడ్డే గదప్పా" అన్నడు.

పగటీలి తనిఖీకి తోలుకపోయినం.
లైటు చూసిన్రు, బ్రేకు నొక్కిన్రు,
హెల్మెట్ లోపలి తారీఖు వంగి చదివిన్రు,
ముప్పై ఎనిమిది నంబరు కింద పచ్చ స్టిక్కరు అంటిచ్చిన్రు.
నా బతాకాను గూడ ఎవ్వరూ ఇంత ఓపికతోటి చూడలే.

మొహన్నద్, మా అర్బాబు చిన్న కొడుకు,
పొద్దటిసంది నాలుగు ఖర్జూరపండ్లే తిన్నడు.
గ్లౌజులు తొడుగుతడు, ఇడుస్తడు,
దిబ్బ దిక్కు చూస్తడు, నా దిక్కు చూస్తడు.
"ముత్తన్, తమాం?"
"తమాం" అన్న.

ముత్తెన్నను ముత్తన్ జేసిన్రు, దానికి బాధలేదు.
ఈ తమాం తోటే నాకు పంచాయితీ.
మా దిక్కు ఒకని పని తమాం అయ్యిందంటే
వాడు లేనట్టే.
ఇక్కడేమో అంతా సక్కగున్నట్టు.
ఎనిమిదేండ్లయినా ఆ మాట అనేటప్పుడు
నాలుక కొస ఇంకా ఒక్క అడుగు ఎనుకకేస్తది.

పొద్దుగూకినంక పానాలు డబ్బాల సర్దుతుంటే
చాప మీద దొరికింది,
ఒక వాషర్.
పావలా బిళ్లంత. నడుమ తొర్ర.
కొత్తదీ కాదు, పాతదీ కాదు.
ఎక్కడిదది?

చెప్పకుంటే ఎవ్వలకు తెల్వదు.
స్టిక్కరు పడ్డది. తమాం అని నేనే అన్న.
గని దిబ్బ నెత్తికాడ
రెండు చక్రాలూ గాల్ల ఉన్నప్పుడు
ఏ బోల్టుకు ఏం యాదికొస్తదో ఎవ్వడు చెప్తడు?
విప్పిన.

ఇరుసు విప్పిన, దాని వాషర్ దానికున్నది.
పండ్లచక్రం. ఉన్నది.
హ్యాండిల్ మెడ, ఇంజను పాదాలు,
షాకు కింద కన్ను పట్టని లంకె,
ఉన్నది, ఉన్నది, ఉన్నది.
టార్చి పట్టుకున్న ఖాజాపీర గురక ఎప్పుడో మొదలైంది.
వెలుతురు మాత్రం కదలలే.
తలెత్తి చూస్తే మొహన్నద్.
ఎప్పుడొచ్చిండో, ఎప్పుడందుకున్నడో.
కాళ్లకు చెప్పులు గూడ లేవు.

ఏందని అడగలే. వాషర్ చూపిచ్చిన.
రెండు వేళ్ల నడుమ పట్టి, ఒక కన్ను మూసి,
దాని తొర్రలకెల్లి చుక్కలను చూసిండు.
"ఖాయిఫ్" అన్నడు మెల్లగ.
భయమైతున్నదని.

నాకొచ్చిన అరబ్బీ అంతా సామాన్ల పేర్లు, కొలతలు.
భయానికి ఎన్నో నంబరు పానా కావాల్నో నాకేం ఎరుక?
చేతిల ఉన్న పానానే ఇచ్చి, ఆఖరి బోల్టు చూపిచ్చి
నువ్వే బిగియ్యి అన్న.
క్లిక్కుమన్నది.
ఇంకింత తిప్పబోయిండు, మణికట్టు పట్టుకొని ఆపిన.
చాలు.
మరీ బిగిస్తె గూడ తెగుతది.

నాలుగింటికి ఖాజాపీర చాయ్ పెట్టిండు.
స్టవ్వు కాలొకటి లడలడ ఊగుతున్నది,
గిన్నె ఒరిగి సగం చాయ్ ఇసుక తాగింది.
"నిన్న బాగానే ఉండెనప్పా" అని గొణుక్కున్నడు.

నేనేమనలే.
జేబుల చెయ్యి పెట్టుకొని
ఇంకో కప్పు పొయ్యమన్న.